ఆకులోని ఆమ్లం – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు వినని తెలుగు విద్యార్థి ఉండడు. ఆయన ఏం కనిపెట్టేరని అడిగితే మాత్రం అన్నీ ఆయనే కనిపెట్టేరని చెప్పేస్తాం. ఏ.టి.పి. ఆయనదే, టెట్రాసైక్లిన్ ఆయనదే, కాన్సరు మందూ ఆయనదే. నోబెల్ బహుమతి రాకపోవడం మాత్రం తెల్లవాళ్ళ పక్షపాతం. అంతటితో మన భక్తి తీరిపోతుంది. పుస్తకం మూసేస్తాం.

ఆయన చేసిన పనుల్లో ఒక్కదాన్ని మాత్రం పట్టుకుని నాకు అర్థమైనంత వరకు చెప్తాను. అది ఒక విటమిన్ కథ. ఆ విటమిన్ తల్లికి చాలకపోతే కడుపులో బిడ్డ వెన్ను సరిగ్గా మూసుకోకుండా పోవచ్చు. అదే విటమిన్ని శరీరంలో అడ్డుకుంటే పిల్లల రక్త కాన్సరు వెనక్కి తగ్గుతుంది. పుట్టుకతో వచ్చే అవకరానికీ కాన్సరుకీ సంబంధమేమిటని మనబోటివాళ్ళం అనుకుంటాం. ఆ రెండూ ఒకే గుమ్మం దగ్గర కలుస్తాయి. ఆ గుమ్మం తలుపు తీసినవాళ్ళలో ఒకరు మన భీమవరం మనిషి. మరొకరు బోస్టన్ నగరంలో ఒక పాథాలజిస్టు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టేరు. ఇంట్లో ఏడుగురు పిల్లలు. చదువు రాజమండ్రిలో మొదలైంది గాని, మనసు చదువు మీద లేదు. పదమూడేళ్ళ వయసులో ఇల్లు వదిలి కాశీ దారి పట్టేరు. యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఆ కుర్రవాడి ఆలోచన. ఇంట్లోవాళ్ళు మధ్యలోనే పట్టుకుని వెనక్కి తెచ్చేరు. మెట్రిక్యులేషన్ మద్రాసు హిందూ హైస్కూల్లో మూడోసారి గాని గట్టెక్కలేదు. ఆ తరవాత రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసి అవుదామనుకున్నారు. తల్లి వెంకమ్మగారు ఒప్పుకోలేదు. అంచేత వైద్యం వైపు తిరిగేరు. మనుషులకి సేవ చెయ్యడానికి అదీ ఒక దారే కదా.

మద్రాసు మెడికల్ కాలేజీ రోజుల్లో గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టేరు. ఆపరేషన్ గదిలో వేసుకునే గౌను కూడా ఖద్దరుతోనే కుట్టించుకున్నారు. సర్జరీ ప్రొఫెసర్‌కి అది నచ్చలేదు. చివరకి సుబ్బారావుగారికి పూర్తి ఎం.బి.బి.ఎస్. డిగ్రీ రాలేదు, ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవలసి వచ్చింది. తరవాత మద్రాసులోనే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పేరు.

ఇదంతా చాలామందికి తెలిసిన కథే. అయితే ఆయన జీవితానికి అసలు మలుపు ఇంట్లో జరిగిన చావుల దగ్గర ఉందని నాకనిపిస్తుంది. ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయేరు. మనవాళ్ళు గ్రహణి అంటారే, ఆ తరహా వ్యాధి. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, నాలుక పూస్తుంది, రక్తం పల్చబడి మనిషి ఎండిపోతాడు. సుబ్బారావుగారికీ ఆ జబ్బు తగిలింది, అదృష్టవశాత్తు బతికి బయటపడ్డారు. ఆనాడు దానికి సరైన మందు లేదు. మందు ఎందుకు లేదో చెప్పగలవాళ్ళూ లేరు.

కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేయూతతో, మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి సాయంతో 1920ల తొలినాళ్ళలో ఆయన అమెరికా ఓడ ఎక్కేరు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయేరు. ఆయన మళ్ళీ తిరిగి రాలేదు. ఈ ఒక్క వాక్యం రాయడం తేలిక. దాని బరువు మోసినావిడ గురించి మన వ్యాసాల్లో ఎవ్వరూ రాయరు.

బోస్టన్‌లో ఉష్ణమండల వైద్యం చదువుతూ, ఆసుపత్రిలో రాత్రిపూట బెడ్‌పాన్లు శుభ్రం చేసి పొట్టపోసుకున్నారు. తరవాత హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కె అనే ఆచార్యుడి దగ్గర బయోకెమిస్ట్రీలో చేరేరు. 1925లో ఆ ఇద్దరూ కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి ప్రకటించేరు. మన బి.ఎస్సీ. ప్రాక్టికల్ రికార్డులో ఫిస్కె–సుబ్బారావు పద్ధతి అని ఉండేది అదే. అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, క్షయకరణం చేస్తే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. మా నాన్న పొలంలో మట్టి తీసి నేల పరీక్షకి పంపితే అక్కడ భాస్వరం కొలిచేదీ ఇలాంటి నీలం రంగుతోనే. రైతుబిడ్డకి ఇంతకంటే దగ్గర చుట్టం ఎవరుంటారు?

ఆ పద్ధతితో కండరంలో భాస్వరం కొలుస్తూంటే నీలం రావలసినంత త్వరగా రాలేదు. ఇంకొకరైతే రసాయనాలు పాతబడ్డాయనుకుని పారబోసి మళ్ళీ చేసేవారు. వీళ్ళు ఆ ఆలస్యాన్నే పట్టుకుని కూచున్నారు. అలా 1927లో ఫాస్ఫోక్రియేటిన్ బయటపడింది. 1929లో ఏ.టి.పి. బయటపడింది. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా విడిగా ఏ.టి.పి.ని కనుక్కున్నాడు. ఇది దాచవలసిన విషయమేం కాదు. రెండు చోట్ల ఇద్దరు ఒకే నీళ్ళు తోడితే బావి ఉందనేది మరింత రుజువవుతుంది.

1930లో పిహెచ్.డి. వచ్చింది. హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళిపోయేరు, త్వరలోనే అక్కడి పరిశోధనలకి అధిపతి అయ్యేరు. అక్కడ మొదలైంది మన విటమిన్ కథ.

నిజానికి ఆ కథ మన దేశంలోనే మొదలైంది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణీల్లో ఒక రకం రక్తహీనతని పరిశీలించేరు. వాళ్ళ ఎర్రకణాలు తక్కువగా ఉండడమే కాదు, అవి అవసరానికి మించి పెద్దవిగా కూడా ఉన్నాయి. ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థం పెడితే వాళ్ళు కోలుకున్నారు. ఆ సంగతి ఆవిడ 1931లో ప్రకటించేరు. అందులో పనిచేసే పదార్థమేదో మాత్రం తేలలేదు. 1941లో అమెరికాలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనేవాళ్ళు నాలుగు టన్నుల పాలకూర నుంచి రవంత పదార్థం రాబట్టి, ఆకు అనే లాటిన్ మాట మీద దానికి ఫోలిక్ ఆసిడ్ అని పేరు పెట్టేరు. ఆకులోని ఆమ్లం అన్నమాట. నాలుగు టన్నుల ఆకుకి చిటికెడు మందు వస్తే ఏ రోగికి సరిపోతుంది?

అక్కడ సుబ్బారావుగారి బృందం రంగంలోకి దిగింది. స్టోక్‌స్టాడ్, యాంజియర్ మొదలైనవాళ్ళు ఆయన నాయకత్వంలో ఆ పదార్థాన్ని శుద్ధిచేసి, దాని నిర్మాణం తేల్చి, 1945లో ప్రయోగశాలలోనే తయారుచేసేరు. ఇక పాలకూర బళ్ళు తోలనక్కరలేదు, కావలసినంత తయారుచేసుకోవచ్చు. వెంటనే టామ్ స్పైస్ అనే వైద్యుడు దాన్ని స్ప్రూ రోగులకి ఇచ్చి చూసేరు. పెద్ద కణాల రక్తహీనత తగ్గింది, రోగులు తేరుకున్నారు. ఇద్దరు అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకి మందు పాతికేళ్ళ తరవాత మిగిలిన తమ్ముడి ప్రయోగశాల నుంచి వచ్చింది. వాళ్ళకి మాత్రం అందలేదు.

ఇప్పుడు బోస్టన్ పాథాలజిస్టు సంగతి. ఆయన పేరు సిడ్నీ ఫార్బర్. పిల్లల ఆసుపత్రిలో పనిచేసేరు. పాథాలజిస్టు పని మనకి తెలుసు. వైద్యుడు ఓడిపోయిన తరవాత శరీరాన్ని కోసి, కణజాలాన్ని పల్చటి పొరలుగా తీసి, ఎక్కడ ఏం తప్పిందో సూక్ష్మదర్శినిలో వెతకడం. లుకేమియా వచ్చిన పిల్లలు అప్పట్లో కొద్ది వారాల్లో, నెలల్లో పోయేవారు. వాళ్ళ ఎముకల మూలుగ నిండా పక్వం కాని తెల్లకణాలు కిక్కిరిసి ఉండేవి. ఫోలిక్ ఆసిడ్ రక్తాన్ని బాగుచేస్తోంది కదా అని ఆయన ఆ తరగతి పదార్థాల్ని లెడర్లీ నుంచి తెప్పించి పిల్లలకి ఇచ్చేరు. మూలుగు చూస్తే జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు ఆయన కంటికి కనిపించింది.

ఆ వైఫల్యంలోంచే ఆలోచన తిరగబడింది. మేత పెడితే పెరిగేది మేత ఆపితే తగ్గాలి కదా. ఇక్కడ రైతు భాషలో చెప్తే నాకు తొందరగా అర్థమవుతుంది. చేలో వేసిన ఎరువు వరికీ కలుపుకీ ఒకటే, దానికి పేరు చూసి పెట్టడం తెలీదు. ఫోలిక్ ఆసిడ్ కూడా అంతే. ఒక కణం రెండు కావాలంటే ముందు డి.ఎన్.ఏ. రెండింతలు కావాలి. డి.ఎన్.ఏ.కి కావలసిన ముక్కల్ని తయారుచెయ్యడానికి ఫోలిక్ ఆసిడ్ కార్బన్ పరమాణువులు మోసుకొచ్చి అందిస్తుంది. అంచేత ఎక్కడ కణాలు ఎక్కువగా విభజన చెందుతాయో అక్కడ దాని అవసరం ఎక్కువ. రక్తం తయారుచేసే మూలుగ అలాంటి చోటు. కాన్సరు గడ్డ అలాంటి చోటు. తల్లి కడుపులో పిండం అన్నిటికన్నా ఎక్కువ అలాంటి చోటు.

సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆసిడ్‌ని పోలి ఉండి దాని పని చెయ్యలేని దొంగ అణువుల్ని తయారుచేసింది. తాళంలోకి దూరి తిరగని తాళంచెవి లాంటివి. వాటిలో అమినోప్టెరిన్ ఒకటి. 1947 చివర నుంచి ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకి ఇచ్చేరు. బాగా ముదిరిపోయిన 16 మందిలో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గింది. మంచం పట్టిన పిల్లలు లేచి తిరిగేరు. ఆ తగ్గుదల నిలవలేదు, జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. అయినా ఒక మందుతో లుకేమియాని వెనక్కి నెట్టవచ్చని లోకానికి తెలిసింది. ఆ వ్యాసం 1948 జూన్‌లో అచ్చయింది. రెండు నెలలు దాటిన కొద్దిరోజులకే, 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో సుబ్బారావుగారు గుండె ఆగి నిద్రలోనే పోయేరు. చివరిదాకా ఆయన భారతీయుడిగానే ఉన్నారు.

అమినోప్టెరిన్ తమ్ముడు మెథోట్రెక్సేట్. అదీ లెడర్లీ బిడ్డే. 1956లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో మిన్ చ్యూ లీ, రాయ్ హెర్ట్జ్ అనే వైద్యులు గర్భంలోని మాయ కణాల నుంచి పుట్టే కోరియోకార్సినోమా అనే కాన్సరుని ఆ మందుతో పూర్తిగా నయం చెయ్యగలిగేరు. గడ్డ కట్టే కాన్సరు మందుతో నయం కావడం అదే మొదలు. లుకేమియా పిల్లలకి ఇచ్చే మందుల వరుసలో మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ ఉంది. ఒకప్పుడు నూరుమందికి నూరుమందీ పోయే ఆ జబ్బులో నేడు సంపన్న దేశాల్లో నూటికి 90 మంది దాకా పిల్లలు బతుకుతున్నారు. మన విశాఖలో కె.జి.హెచ్.కి గాని, అగనంపూడి దగ్గర హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రికి గాని పిల్లల్ని ఎత్తుకొచ్చే తల్లిదండ్రుల్లో ఎక్కువమందికి ఈ మందు వెనక భీమవరం మనిషి ఉన్నాడని తెలీదు. తెలియకపోయినా మందు పనిచేస్తుంది. సుబ్బారావుగారికి కావలసింది కూడా అంతే కాబోలు.

ఇక నాణేనికి రెండోవైపు. పిండం కూడా కాన్సరులాగే వేగంగా విభజన చెందే కణాల కూడిక అని చెప్పేను కదా. కాన్సరుని ఆపే మందు పిండాన్ని ఏం చేస్తుంది? జవాబు 1952లో వచ్చింది. ఆరోగ్య కారణాల వల్ల గర్భం నిలవకూడదని అమినోప్టెరిన్ ఇచ్చిన స్త్రీలలో కొందరికి గర్భం పూర్తిగా పోలేదు, పిండం అవకరాలతో పెరిగింది. టీర్ష్ అనే వైద్యుడు ఈ సంగతి ప్రకటించేరు. పుర్రె ఎముకలు, ముఖం, కాళ్ళూ చేతులూ దెబ్బతినే ఆ అవకరాల సముదాయానికి తరవాత అమినోప్టెరిన్ సిండ్రోమ్ అని పేరే వచ్చింది. అందుకే గర్భిణికి మెథోట్రెక్సేట్ ఇవ్వరు.

విటమిన్‌ని అడ్డుకుంటే అవకరం వస్తోందంటే, విటమిన్ చాలకపోయినా రావచ్చు కదా. ఇంగ్లండులో హిబ్బర్డ్, స్మిథెల్స్ అనే వైద్యులు 1965లో ఆ అనుమానం బయటపెట్టేరు. పిండంలో మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టాన్ని నాడీనాళం అంటారు. మొదట అది పరిచిన ఆకులా ఉండి, అంచులు చుట్టుకుని గొట్టంలా మూసుకుంటుంది. కింద మూసుకోకపోతే వీపు మీద సంచిలా ఉబ్బి, కాళ్ళు చచ్చుబడిన బిడ్డ పుట్టవచ్చు. పైన మూసుకోకపోతే మెదడు ఏర్పడదు, ఆ బిడ్డ బతకదు. 1991లో అచ్చయిన ఒక పెద్ద పరీక్షలో ఏడు దేశాల్లోని 33 కేంద్రాల్లో 1817 మంది స్త్రీలు పాల్గొన్నారు. అంతకుముందు అలాంటి బిడ్డని కన్నవాళ్ళు వాళ్ళు. గర్భానికి ముందు నుంచే ఫోలిక్ ఆసిడ్ తీసుకున్నవాళ్ళలో ఆ అవకరం మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది. అన్నీ ఆగలేదు. వేరే కారణాలూ ఉన్నాయి. కాని పదిట్లో ఏడు ఆగడం చిన్న సంగతా?

మా వూళ్ళో మా బంధువుల ఇంట్లోనే అలాంటి బిడ్డ పుట్టింది. రెండు రోజులు బతికింది. గ్రహణం నాడు గుమ్మం దాటి బయటికి వెళ్ళిందని అందరూ ఆ తల్లినే అన్నారు. పై పెదవి చీలిన బిడ్డని గ్రహణమొర్రి అనే భాష మనది. అవకరానికి కారణం వెతికే పని మన మాటలే ముందు చేసేసి, నేరం తల్లి నెత్తిన పెట్టేస్తాయి. సూర్యుణ్ణి రాహువు మింగడానికీ బిడ్డ వెన్నుకీ సంబంధం లేదని ఆవిడకి చెప్పగలిగే చదువు మనకుంది. ఆ చదువు ఆవిడ గుమ్మం దాకా వెళ్ళిందా అన్నదే ప్రశ్న.

వెళ్ళకపోవడానికి ఒక కారణం మందు అదునులో ఉంది. గర్భం దాల్చిన 28 రోజుల్లోపే నాడీనాళం మూసుకుపోతుంది. అప్పటికి చాలామంది ఆడవాళ్ళకి తాము గర్భవతులమనే తెలీదు. పల్లెల్లో నెల తప్పిన సంగతి అత్తగారికి చెప్పి, పొలం పని తెమిలి, ఆసుపత్రిలో పేరు రాయించుకునేసరికి రెండో నెలో మూడో నెలో వచ్చేస్తుంది. ఇనుము, ఫోలిక్ ఆసిడ్ కలిపిన మాత్రల పథకం మన దేశంలో 1970 నుంచి ఉంది. మన ఉక్కు ఊళ్ళో ఇనుముకి కరువు లేదు గాని ఆడపిల్లల రక్తంలో మాత్రం ఉంది, కనక ఆ మాత్రలు అవసరమే. కాని వాటిని ముఖ్యంగా రక్తహీనత కోసం నాలుగో నెల నుంచి ఇస్తారు. తొలి మూడు నెలలు ఫోలిక్ ఆసిడ్ విడిగా ఇమ్మని నియమమూ ఉంది. బిడ్డ వెన్ను సంగతి మాత్రం ఆ తల్లి ఆసుపత్రి మెట్లు ఎక్కకముందే తేలిపోతుంది. నాటు వెయ్యకముందు వెయ్యవలసిన ఎరువుని కోతలప్పుడు బస్తాల కొద్దీ చల్లితే ఏం లాభం?

అంచేత మిత్రులారా, సుబ్బారావుగారి బొమ్మకి దండ వెయ్యడంతో పాటు ఒక చిన్న పని మనం చెయ్యగలం. మనలో చాలామందికి పెళ్ళీడుకొచ్చిన అక్కచెల్లెళ్ళున్నారు, కొత్తగా కాపురానికొచ్చిన వదినలున్నారు. గర్భం వస్తుందనుకునే స్త్రీ కనీసం నెల ముందు నుంచి రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ తీసుకోవాలని వైద్యులు చెప్తున్నారు. ఇంతకుముందు అలాంటి బిడ్డని కన్న తల్లికి అంతకు పదింతలు కావాలి, అది డాక్టరు చూసి రాయాలి. మాత్ర ఖరీదు మనం కాంటీన్‌లో తాగే టీ కన్నా ఎక్కువేం కాదు. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు మన పొలాల్లో పండేవే. ఆకుకూర ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే విటమిన్ నీళ్ళలో పోతుందని కూడా ఇంట్లో చెప్పండి. ఆకుకూర ఒక్కటీ మాత్రకి సాటి రాదని కూడా చెప్పండి.

నోబెల్ బహుమతి గురించి మనం ఎంత వాదించినా ఇప్పుడు వచ్చేది లేదు. 1995లో శతజయంతికి మన ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది, సంతోషం. కాని ఆ బిళ్ళ కన్నా ఈ మాత్రే ఎక్కువ ఇళ్ళకి చేరాలి. మన ఇళ్ళల్లో పెళ్ళికి ముహూర్తం పెట్టుకునే రోజునే ఫోలిక్ ఆసిడ్‌కీ ముహూర్తం పెట్టుకుంటే చాలు. ఆ ముహూర్తం ఏ పంచాంగంలోనూ దొరకదు. చదువుకున్న మనమే చెప్పాలి.